హింసల మధ్య సంఘం సాక్ష్యం: మన దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

అందరికీ వందనాలు. నేను పాస్టర్‌ను కాను, క్రైస్తవ సంఘంలో సండే స్కూల్ చెప్పేవాణ్ణి. మాది పరకాల దగ్గర పల్లె, ఇప్పుడు ఉండేది హనుమకొండలో. యూత్ కూడికల్లో, చావు ఇళ్ల దగ్గర, ఒక్కోసారి బస్సులో పక్క సీటు ఆయన కూడా అడిగిన ప్రశ్నలివి. నోటితో చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందని ఒకచోట రాసిపెడుతున్నాను.

హతసాక్షి అంటే చంపబడినవాడేనా?

మొదట్లో కాదు. బైబిల్లోని కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో "మార్తుస్" అంటే మామూలు సాక్షి, కోర్టులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పేవాడు. అపొస్తలుల కార్యములు 1:8లో ప్రభువు శిష్యులతో మీరు నాకు సాక్షులుగా ఉంటారు అన్నప్పుడు వాడింది ఆ మాటే. తర్వాతి తరాల్లో ఆ సాక్ష్యం చెప్పినవాళ్లు అంతమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు కాబట్టి, మెల్లగా ఆ పదానికే చావు అర్థం అతుక్కుంది. మన తెలుగు మాటలో రెండూ కనిపిస్తాయి, "హత" ఉంది, "సాక్షి" ఉంది. నన్నడిగితే సాక్షి అన్న సగాన్నే గట్టిగా పట్టుకోవాలి. భూమి తగాదాలో సాక్షిగా వెళ్లినవాణ్ణి ఎవరూ కేసు గెలిపించమని అడగరు, "నువ్వేం చూశావు" అనే అడుగుతారు. సంఘం పని కూడా అంతే. గెలిపించుకునే బాధ్యత మన మీద లేదు. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

మన ఊళ్లల్లో నిజంగా హింస ఉందా? అదంతా ఎక్కడో ఒడిశాలో, బయటి దేశాల్లో కదా?

మన దగ్గర చాలావరకు రక్తం కారే హింస కాదు, అది ఒప్పుకోవాలి. కానీ హింస అంటే కత్తి ఒక్కటే కాదు. అద్దె ఇంట్లో నలుగురు కూడి ప్రార్థన చేసుకుంటే నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ చేయమనడం, బొడ్రాయి పండుగకు చందా ఇవ్వనన్న కుటుంబాన్ని పంచాయితీలో నిలబెట్టడం, చనిపోయిన మనిషిని ఊరి స్మశానంలో పెట్టనివ్వకపోవడం, బాప్తిస్మం తీసుకున్న కోడలిని పుట్టింటికి పంపేయడం, కూడిక మధ్యలోకి నలుగురు ఫోన్ కెమెరాలు ఆన్ చేసుకుని వచ్చి "ఎంత ఇచ్చారు మీకు" అని ఆడవాళ్లను నిలదీయడం. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను బహిష్కరించిన సంగతులు పేపర్లో చదివే ఉంటారు. అవన్నీ మతం గొడవలు కావు, కులం, కూలి, భూమి గొడవలే ఎక్కువ. కానీ ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో క్రైస్తవ కుటుంబాలకూ బాగా తెలుసు. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, ఆటోలో ఎక్కించుకోరు, కూలికి పిలవరు. ఎవరూ చెయ్యి చేసుకోరు, కేసు పెడదామంటే ఒంటి మీద దెబ్బ కనిపించదు.

మా ఇంటి సంగతే చెప్తాను. మా తాత డప్పు కొట్టేవాడు, ఊళ్లో ఏ జాతర అయినా ఆయన డప్పు ముందుండాల్సిందే. బాప్తిస్మం తీసుకున్నాక జాతరకు కొట్టను, చావుకు పిలిస్తే మాత్రం వస్తాను అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆ ఏడాది మా వాడకట్టు మొత్తాన్ని నాట్లకు పిలవలేదు. బాప్తిస్మం తీసుకోనివాళ్లు కూడా మా తాత వల్ల పస్తులున్నారు, అది ఆయన్ను చివరిదాకా బాధపెట్టింది. మా నాయనమ్మ ఉప్పుకూ కిరసనాయిలుకూ పరకాల దాకా నడిచి వెళ్లేది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది, అది దేవుని భాగం. ఆదివారం అందరి బియ్యం మందిరంలో ఒక గంపలో పోసేవారు. ఆ ఏడాది గంప సగం కూడా నిండలేదని నాయనమ్మ చెప్పేది, కానీ ఒక్క ఆదివారం కూడా ఖాళీ గంప పెట్టలేదని వెంటనే అనేది.

హింస వస్తే సంఘం పెరుగుతుందంటారు, నిజమేనా?

కొన్నిసార్లు. మొదటి హతసాక్షి స్తెఫనును రాళ్లతో కొట్టి చంపాక యెరూషలేము సంఘం చెల్లాచెదురైంది, అలా పారిపోయినవాళ్లే వెళ్లిన చోటల్లా సువార్త చెప్పారు, వాళ్లలో కొందరు అంతియొకయ దాకా వెళ్లారు, శిష్యులకు క్రైస్తవులు అన్న పేరు మొదట వచ్చింది అక్కడే. చైనాలో 1949 నాటికి ప్రొటెస్టెంట్ విశ్వాసులు పది లక్షల లోపే. తర్వాత మిషనరీలందరినీ పంపించేశారు, 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక చర్చిలన్నీ మూసేశారు. 1979లో తలుపులు మళ్లీ తెరుచుకునేసరికి విశ్వాసులు తగ్గలేదు సరికదా పెరిగారు, ఇవాళ వాళ్ల లెక్క కోట్లలో ఉంది.

కానీ దీన్ని సూత్రంలా చేసి మీటింగుల్లో చప్పట్లు కొట్టించడం నాకు నచ్చదు. క్రైస్తవుల రక్తం విత్తనం అన్న అర్థంలో ఆ ప్రసిద్ధమైన మాట అన్నది కార్తేజీ పట్టణపు తొలినాటి క్రైస్తవ రచయిత తెర్తుల్లియను. అదే కార్తేజీ ఉన్న ఉత్తర ఆఫ్రికా తీరంలో ఒకప్పుడు వందల మంది బిషప్పులు ఉండేవారు, కొన్ని శతాబ్దాలు తిరిగేసరికి ఆ సంఘం దాదాపు కనిపించకుండా పోయింది. విత్తనం వేసిన ప్రతి చేనూ పండదని మన రైతులకు ఒకరు చెప్పాలా? హింస దానంతట అది ఏమీ పెంచదు. హింసలో కూడా మనుషులు ఒకరినొకరు విడిచిపెట్టకపోతే, పక్కవాడికి ద్వేషం తిరిగి ఇవ్వకపోతే, అది చూసినవాళ్లలో కొందరు ఆగి ఆలోచిస్తారు. పెరుగుదల వస్తే అక్కడి నుంచి వస్తుంది. రాకపోయినా సాక్ష్యం సాక్ష్యమే.

రోమా సామ్రాజ్యంలో క్రైస్తవులు ఎలా నిలబడ్డారు? వాళ్లేమైనా మనకన్నా గొప్పవాళ్లా?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే దీనికి జవాబు హింసించినవాళ్ల కాగితాల్లోనే దొరుకుతుంది. సుమారు 112లో బితూనియ (ఇప్పటి టర్కీలో ఉంది) ప్రాంతపు రోమా గవర్నర్ ప్లినీ, త్రాజాను చక్రవర్తికి ఉత్తరం రాశాడు, ఈ క్రైస్తవులను ఏం చేయమంటారు అని. విచారించి తెలుసుకున్నది కూడా అందులో రాశాడు. వాళ్లు ఒక నియమిత రోజున తెల్లవారకముందే కూడుకుంటారట, క్రీస్తును దేవునిగా ఎంచి పాట పాడతారట, దొంగతనం చేయం, వ్యభిచారం చేయం, మాట తప్పం, దాచమని ఇచ్చిన సొమ్ము ఎగ్గొట్టం అని ప్రమాణం చేస్తారట, తర్వాత మళ్లీ కలిసి మామూలు భోజనం చేస్తారట. నిజం రాబట్టాలని ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టించాడు, సంఘంలో వాళ్లు పరిచారకురాళ్లు. మొండి మూఢనమ్మకం తప్ప ఇంకేమీ దొరకలేదని రాసుకున్నాడు. ఆ ఇద్దరి పేర్లు కూడా ఆయన రాయలేదు. తెల్లవారకముందు ఎందుకంటే, వాళ్లలో చాలామంది పొద్దెక్కాక పనికి పోవాల్సినవాళ్లు అయ్యుంటారని నేననుకుంటాను. మిల్లు షిఫ్టుకు ముందు ప్రార్థనకు వచ్చే మన వరంగల్ వాళ్ల లాగే.

203లో కార్తేజీలో పెర్పెతువ అనే అమ్మాయి, వయసు ఇరవై రెండు ఉంటుంది, చంటిబిడ్డ తల్లి. జైల్లో తను రాసుకున్న మాటలు ఇప్పటికీ ఉన్నాయి. తండ్రి వచ్చి నా తల నెరిసింది, నన్ను చూసైనా జాలిపడు అని కాళ్ల మీద పడ్డాడు. ఆమెతో పాటు ఫెలిసితాసు అనే బానిస, నిండు గర్భిణి, జైల్లోనే కాన్పయింది. ఇద్దరూ మృగాల ముందుకు వెళ్లారు. వాళ్ల గొప్పతనం గురించి అడిగారు కదా, ఆ రాతల్లో ఎక్కువ కనిపించేది బిడ్డకు పాలివ్వలేని బాధ, జైలు చీకటి, ఉక్కపోత. మనలాంటి మనుషులే.

భయపడి వెనక్కి తగ్గినవాళ్ల సంగతేంటి? వాళ్లకు మళ్లీ సంఘంలో చోటుందా?

ఉంది. 250లో డెకియస్ చక్రవర్తి ప్రతి ఒక్కరూ దేవతలకు బలి అర్పించి సర్టిఫికెట్ తీసుకోవాలని హుకుం ఇచ్చాడు. ఆ సర్టిఫికెట్లు 40కి పైగా ఈజిప్టులో దొరికాయి, ఫలానా ఊరి ఫలానా మనిషి మా కళ్లముందు అర్పించాడు అని అధికారుల సంతకంతో సహా. చాలామంది క్రైస్తవులు అర్పించారు, కొందరు అర్పించకుండానే డబ్బిచ్చి కాగితం కొనుక్కున్నారు. హింస సద్దుమణిగాక వాళ్లు తిరిగొస్తే పెద్ద గొడవ. అసలు రానివ్వొద్దని ఒక వర్గం, వెంటనే చేర్చుకోవాలని ఇంకో వర్గం. కార్తేజీ బిషప్ సిప్రియను మధ్యదారి పట్టాడు: పశ్చాత్తాపం చూపించాలి, సమయం పట్టాలి, కానీ తలుపు మూయకూడదు. కొన్నేళ్లకు, 258లో, ఆయన తల కూడా తెగింది.

మా బంధువు ఒకాయన ఊరి పెద్దల ముందు ఇక ప్రార్థనకు పోనని కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత రెండేళ్లు మందిరం వైపు రాలేదు, మా పాస్టర్ అయ్యగారు మాత్రం ప్రతి వారం ఆయన ఇంటి ముందు సైకిల్ ఆపి మంచీచెడూ మాట్లాడి పోయేవాడు, ప్రార్థన మాటే ఎత్తేవాడు కాదు. మూడో ఏడు గుడ్‌ఫ్రైడేకి ఆయనే వచ్చి వెనక చెప్పుల దగ్గర కూర్చున్నాడు. తనను మూడుసార్లు ఎరగనన్న శిష్యుడు పేతురును ప్రభువు ఒడ్డున రొట్టె, చేపలు పెట్టి పిలిచాడు, ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు.

పాస్టర్లను ఆపేస్తే, మందిరం మూసేస్తే సంఘం ఉంటుందా?

జపానులో ఉంది. 1614లో దేశమంతా క్రైస్తవ్యాన్ని నిషేధించి గురువులను (ఫాదర్లను) వెళ్లగొట్టారు, ఊళ్లలో జనాన్ని వరసగా నిలబెట్టి క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించేవారు, తొక్కనివాడు దొరికిపోయినట్టే. 1865లో నాగసాకిలో విదేశీయుల కోసం కట్టిన ఒక చర్చికి ఉరకామి పల్లె నుంచి కొద్దిమంది వచ్చి, ఫ్రెంచి గురువు దగ్గర నెమ్మదిగా, మా హృదయం మీ హృదయం ఒక్కటే అని చెప్పారు. రెండు వందల ఏళ్లకు పైగా ఒక్క గురువు లేకుండా బాప్తిస్మం, ప్రార్థనలు, పండుగ తేదీలు ఇళ్లల్లోనే అందించుకుంటూ వచ్చారు. బయటపడ్డాక మళ్లీ హింస, మూడు వేలమందికి పైగా ఊళ్లు విడిపించి దూరంగా తరిమారు, 1873లో గానీ నిషేధపు బోర్డులు తీయలేదు. అందుకే మా సండే స్కూల్లో పిల్లలకు వచనాలు చూడకుండా నేర్పిస్తాం. ఫోన్‌లో బైబిల్ ఉంది కదా అంకుల్ అంటారు వాళ్లు.

మీరంతా బియ్యం కోసం, డబ్బు కోసం మారినవాళ్లే కదా?

ఈ మాట వింటే కడుపు మండుతుంది, కానీ అడిగినవాణ్ణి కసరకండి, ఒంగోలు కథ చెప్పండి. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లకు ఇవ్వనన్నాడు, కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగాక కూడా వాళ్లు తిరిగొచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ వాగులో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకు పదేళ్ల ముందే అక్కడి మాదిగ విశ్వాసులు చచ్చిన పశువు మాంసం తినమని, గుళ్ల ముందు డప్పు కొట్టమని, ఆదివారం పనికి రామని చెప్పినందుకు ఊరివాళ్లు వాళ్లకు బావి, బజారు మూసేశారు. లాభం కోసం వచ్చినవాళ్లు చేసే పని కాదది.

ఇక ఇవాళ్టి లెక్క చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. పిల్లల ఉద్యోగాలు, సీట్లు తెలిసి తెలిసి వదులుకున్న ఇళ్లున్నాయి. ఎవరైనా నిజంగా డబ్బు ఆశ చూపి బాప్తిస్మం ఇస్తే అది పాపమే, సంఘంలోనే నిలదీయాలి.

ఇది తెల్లోళ్ల మతం కదా?

కాజీపేటలో విజయవాడ వైపు రైలెక్కి డోర్నకల్‌లో దిగండి. అక్కడి కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది, స్తంభాలు చూస్తే గుడి గుర్తొస్తుంది, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది. కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు, 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయనను పంపింది లండన్ కాదు, తిరునెల్వేలి విశ్వాసులు 1903లో సొంత డబ్బుతో పెట్టుకున్న మిషనరీ సంఘం. వచ్చి తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలో మాల, మాదిగ వాడల వెంట తిరిగాడు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లతో ఒక పని చేయించేవాడు: చేతులు తమ తల మీదే పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అని పలికించేవాడు. చదువురాని కూలి తల్లి కూడా అదే పలకాలి. దొర ముందు తల ఎత్తకూడని మనిషి, తన తల మీద తనే చెయ్యి పెట్టుకుని నాకూ చెప్పాల్సిన మాట ఒకటుందని అనడం! నాకు దీనికన్నా పెద్ద ప్రసంగం తెలియదు.

క్షమించడం అంటే పోలీసు కేసు పెట్టకూడదనా?

కాదు. ఈ రెండూ కలిపేసి చాలామంది నలిగిపోతున్నారు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల మధ్య పనిచేసే గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని వాళ్లు నిద్రపోతున్న బండిలోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పింది, కూతురితో బారిపదలోనే ఉండి ఆ రోగుల సేవ ఇంకొన్నేళ్లు చేసింది. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కేసు మాత్రం కోర్టులో దాని దారిన అది నడిచింది, శిక్షలు పడ్డాయి. క్షమాపణ ఆమె హృదయానిది, న్యాయం ప్రభుత్వం పని. అపొస్తలుడు పౌలును చూడండి, ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, తర్వాత గుట్టుగా పొమ్మంటే పోలేదు, మేము రోమా పౌరులం, మీరే వచ్చి బయటికి తీసుకెళ్లండి అన్నాడు.

మరి చట్టంలో ఏముంది?

రాజ్యాంగం 25వ ఆర్టికల్ మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇస్తుంది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యానికి లోబడి. ప్రచారం చేసే హక్కు ఉంది కానీ ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇది కూడా తెలిసుండాలి. మతపరమైన కూడికను చెడగొట్టడం భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద నేరం, ప్రార్థనా స్థలాన్ని అవమానించేందుకు పాడుచేయడం 298 కింద. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ అడగండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి.

మనకు వచ్చే ప్రతి ఇబ్బందీ హింసేనా?

కాదు, ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. రాత్రి పదకొండు దాకా మైకు పెడితే పక్కింటి పరీక్షల పిల్లాడి తండ్రి వచ్చి అరవడం హింస కాదు. ఇతరుల దేవుళ్లను తిట్టి గొడవ తెచ్చుకుంటే అది సువార్త కోసం పడిన శ్రమ కాదు. పేతురు స్పష్టంగా రాశాడు, మీలో ఎవడూ దుర్మార్గుడిగా, పరుల జోలికి పోయేవాడిగా శ్రమపడకూడదని. అలాగే వాట్సాప్‌లో ఎక్కడిదో తెలియని వీడియో పెట్టి మన ఊళ్లో జరిగిందని ఫార్వర్డ్ చేయకండి. సాక్షి అన్న పేరు పెట్టుకుని చూడనిది చూశామంటే, నిజంగా దెబ్బతిన్నవాడు చెప్పినా రేపు ఎవరూ నమ్మరు.

పిల్లలకు ఇవన్నీ చెప్పాలా?

చెప్పండి, కానీ పగ నేర్పించకండి. మా తాత కథ చెప్పేటప్పుడు, ఆ ఏడాది చీకటి పడ్డాక మా నాయనమ్మకు దొడ్డిదారిన జొన్నలు తెచ్చిచ్చిన కాపుల ఇల్లాలి సంగతి కూడా మా నాన్న తప్పకుండా చెప్పేవాడు. ఆమె చివరిదాకా హిందువే.

దూరంగా ఉన్నవాళ్ల కోసం, కష్టంలో ఉన్న సంఘం కోసం మేం ఏం చేయాలి?

బైబిల్లో హెబ్రీ పత్రిక 13:3 బంధకాల్లో ఉన్నవాళ్లతో మీరూ బంధించబడినట్టే తలచుకోమంటుంది. ముందు వెళ్లి కూర్చోండి. ప్రసంగం వద్దు, స్టేటస్‌లో ఫొటో అస్సలు వద్దు, వాళ్లకు మళ్లీ ఇబ్బంది. ఆదివారం వాళ్ల కూడికకు ఒక పదిమంది కలిసి వెళ్తే, మనుషులు తగ్గిపోయి వెలవెలబోయే ఆ గదిలో పాట గొంతు మళ్లీ లేస్తుంది, నేను విన్నాను. కూలి ఆగిన ఇంటికి ఖర్చు లెక్కగట్టి నెలనెలా ఇవ్వండి, ఒకేసారి ఇచ్చి మర్చిపోవద్దు. లాయర్ ఎవరైనా తెలిస్తే ఫోన్ కలపండి.

మా నాయనమ్మ బియ్యం కుండ ఇప్పుడు మా ఇంట్లో ఉంది, అంచు కాస్త విరిగింది. మా ఆవిడ ప్రెషర్ కుక్కర్‌లో వండుతుంది, బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. ఈ నెలది మొన్ననే భూపాలపల్లి వైపు ఒక ఇంటికి పంపించాం.